తెలుగు పిల్లల ఒడియా, ఇంగ్లీషు రాతలపై పరిశోధన: ఏ కార్పస్ తీసుకోవాలి, ఎవరితో పోల్చాలి, ఏ కొలత వాడాలి

“మో బాపా బ్యబసాయ కరంతి.” ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లవాడు ఈ వాక్యం రాస్తే ఎర్ర సిరా ఎక్కడా పడదు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, క్రియ సరిగ్గా ఉంది. కానీ ఆ తండ్రి రైతు. ఒడియాలో బ్యబసాయ అంటే వ్యాపారం, సేద్యాన్ని చాష అంటారు. ఇంట్లో విన్న ‘వ్యవసాయం’ ఒడియా వేషం వేసుకుని పేజీ మీదికి వచ్చింది. ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి. మనకు శిక్ష అంటే దండన, ఒడియాలో శిక్షా అంటే చదువు. మన ఉపన్యాసం అక్కడ నవల అవుతుంది. ఆలోచన చర్చ అవుతుంది, అవసరం తీరికో పదవీ విరమణో అవుతుంది, చేష్ట ప్రయత్నం అవుతుంది.

తప్పుల పట్టిక పట్టుకుని కూర్చుంటే ఇవి దొరకవు. పిల్లలు రాసినవన్నీ ఒకచోట చేర్చి, ఒక్కో మాట చుట్టూ ఉన్న వాక్యాలను వరుసగా పేర్చి చూస్తేనే పట్టుబడతాయి. అలా ఒకచోట చేర్చిన రాతల సేకరణే కార్పస్. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎం.ఎడ్.కో పీహెచ్‌డీకో ఈ అంశం తీసుకున్నవాళ్ళూ, తమ తరగతి రాతలనే పరిశీలించాలనుకునే టీచర్లూ మొదట్లో చేసుకోవాల్సిన ఎంపికలను ఒక్కొక్కటిగా చూద్దాం.

సిద్ధంగా ఉన్న కార్పసా, సొంతంగా కూర్చినదా

ప్రశ్న ఇంగ్లీషు గురించైతే సిద్ధంగా దొరికేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మనకు అన్నిటికంటే దగ్గరగా కనిపించేది టోఫెల్11. విదేశాల్లో చదవాలనుకునేవాళ్ళ ఇంగ్లీషును పరీక్షించే టోఫెల్ రాసినవాళ్ళ వ్యాసాలు ఇందులో 12,100 ఉన్నాయి. మాతృభాషలు 11, ఒక్కో భాషకు 1,100 వ్యాసాలు. ఆ 11లో తెలుగు ఒకటి, హిందీ మరొకటి. ప్రశ్నాంశాలు 8. ప్రతి వ్యాసానికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే మూడు స్థాయుల్లో ఒకటి గుర్తించి ఉంటుంది. తెలుగువాళ్ళ ఇంగ్లీషు రాతలు ఇన్ని ఒకచోట దొరకడం నిజంగా పెద్ద వరం.

కానీ ఇందులో రాసినవాడి గురించి తెలిసేది మాతృభాష, స్థాయి, ప్రశ్నాంశం వరకే. ఆ ‘తెలుగు’ విజయవాడదో, వరంగల్‌దో, కాశీనగరందో చెప్పే వివరం లేదు. విదేశీ చదువు కోసం పరీక్ష కట్టిన పట్టభద్రుడికీ, ఎనిమిదో తరగతి పిల్లకీ మధ్య దూరం వేరే చెప్పక్కర్లేదు. 2013లో ఇదే కార్పస్ మీద ఒక పోటీ జరిగింది. వ్యాసం చూసి రాసినవాడి మాతృభాషను కంప్యూటర్ చెప్పాలి. 29 బృందాలు దిగాయి, ఉత్తమ ఫలితం 83.6 శాతం. యంత్రాలు అన్నిటికంటే ఎక్కువగా తికమకపడిన జంట హిందీ, తెలుగు. రెండూ వేర్వేరు భాషా కుటుంబాలవి. అయినా ఇద్దరూ రాసేది మన దేశపు ఇంగ్లీషే, ఇద్దరూ చదివింది ఒకే రకం బడుల్లోనే. ‘మాతృభాష తెలుగు’ అన్న ఒక్క చీటీతో రాతను వివరించబోతే ఏమవుతుందో దీనికన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు. సరిహద్దు జిల్లాల్లో ఈ చిక్కు ఇంకో మెట్టు పైకి పోతుంది.

తక్కినవి త్వరగా చూద్దాం. లూవెన్‌లో సిల్వియన్ గ్రేంజర్ మొదలుపెట్టిన ఐక్లీ అనే కార్పస్ 1990 నుంచి పెరుగుతూ వచ్చింది. 2002, 2009, 2020ల్లో మూడు విడుదలలు వచ్చాయి. అందులో ఉన్నవి విశ్వవిద్యాలయ విద్యార్థుల వాదవ్యాసాలు, స్థాయి ఎక్కువ. కోబేలో ఇషికావా కూర్చిన ఇక్‌నేల్ ఆసియా విద్యార్థుల ఇంగ్లీషు రాతల కార్పస్. అంశాలు రెండే (విద్యార్థులు పార్ట్‌టైమ్ పని చేయడం, రెస్టారెంట్లలో పొగతాగడం), ఒక్కో వ్యాసం 200 నుంచి 300 మాటలు. మనవాళ్ళ రాతలు అందులో ఉండకపోయినా, అంశం, నిడివి, సమయం ముందే బిగించడం ఎలాగో నేర్చుకోవడానికి అది మంచి నమూనా. కేంబ్రిడ్జ్, ఈఎఫ్ సంస్థలు కలిసి తెచ్చిన ఎఫ్‌కామ్‌డాట్‌లో పది లక్షలకు పైగా రాతలున్నాయి. కానీ అది గుర్తించేది దేశాన్ని, మాతృభాషను కాదు. ‘భారతదేశం’ అన్న డబ్బాలోంచి తెలుగువాళ్ళను విడదీయలేం.

కాబట్టి మా సలహా ఇది. తెలుగువాళ్ళ ఇంగ్లీషు గురించి, పెద్ద స్థాయిలో, ఆర్టికల్స్ (a, an, the) వదిలేయడం లాంటి విషయాలు చూడాలంటే టోఫెల్11 తీసుకోండి. లైసెన్సు వ్యవహారం ఉంటుంది, మీ పరిశోధన గైడ్ ద్వారా ముందుగా అడగండి. బడి పిల్లల ఇంగ్లీషైనా, తెలుగు ఇళ్ళ పిల్లల ఒడియా అయినా సొంతంగా కూర్చుకోండి. ఒడియా విషయంలో రెండో ఆలోచనే వద్దు.

సొంత కార్పస్ ఎంత ఉండాలి

120 మంది, ఒక్కొక్కరు 200 మాటలు, మొత్తం 24,000. ఒక్కరే ఏడాదిలోపు చేయగలిగే పని ఇది. చేతిరాత 200 మాటల పేజీని ఉన్నదున్నట్టు ఒడియాలో టైపు చేయడానికి 20 నిమిషాలు వేసుకోండి, 120 పేజీలకు 40 గంటలు. సరిచూడడానికి దాదాపు అంతే.

ఈ 24,000తో ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో ముందే లెక్క వేయాలి. పది లక్షల మాటల్లో 20 సార్లు వచ్చే పదం మీ కార్పస్‌లో సగటున అరసారి కూడా రాదు: 24,000ను 20తో గుణించి పది లక్షలతో భాగిస్తే 0.48. అంటే విభక్తి ప్రత్యయాలు, క్రియారూపాలు, సముచ్చయాలు, బాగా వాడుకలో ఉండే నామవాచకాలు చూడొచ్చు. అరుదైన పదబంధాల మీద తీర్పులు ఇవ్వకూడదు. బ్యబసాయ లాంటి మాటలు చూడాలనుకుంటే యాదృచ్ఛికంగా దొరుకుతాయని ఎదురుచూడకండి, ఆ మాటలు వచ్చి తీరే అంశం ఇవ్వండి. ‘మా ఊరి పనులు’ అంటే సేద్యం వస్తుంది, ‘మా బడి’ అంటే శిక్షా వస్తుంది. అందరికీ అవే రెండు అంశాలు, అదే 40 నిమిషాలు, నిఘంటువు లేకుండా. ఒక బడిలో పండుగ గురించి, ఇంకో బడిలో వరదల గురించి రాయిస్తే చివరికి మీరు కొలిచేది అంశాల తేడానే తప్ప పిల్లల తేడా కాదు.

పరీక్ష పేపర్లు సులువుగా దొరుకుతాయని అటు వెళ్ళేవాళ్ళు చాలామంది. అందులో సగం గైడు పుస్తకం. తరగతిలో ఎదుట కూర్చోబెట్టి రాయించిన రాతే మంచిది. తప్పక పరీక్ష పేపర్లే వాడాల్సి వస్తే, వరుసగా ఆరు మాటలు అచ్చంగా ఒకేలా మూడు పేపర్లకు మించి వచ్చాయేమో ఎన్-గ్రామ్ జాబితాలో (వరుసగా వచ్చే మాటల గుంపుల జాబితా) చూడండి. వస్తే అది బట్టీ భాగం. దాన్ని గుర్తు పెట్టి లెక్కలోంచి తీసేయండి. లేకపోతే బట్టీ బాగా పట్టినవాడు పదసంపదలో మొదటి స్థానంలో నిలుస్తాడు.

చీటీలో ఏం రాయించాలి

ప్రతి రాతతో పాటు ఆ పిల్ల గురించిన వివరాల చీటీ ఒకటి ఉండాలి, పనిలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. ‘మాతృభాష: తెలుగు’ అని ఒక్క గడి పెట్టి సరిపెట్టుకోకండి. అమ్మతో ఏ భాష, నాన్నతో ఏ భాష, అవ్వతో ఏ భాష, అన్నదమ్ములతో ఏ భాష, సంతలో ఏ భాష అని విడివిడిగా అడగండి. ఒకటో తరగతి నుంచి ఏ ఏడు ఏ మీడియంలో చదివిందో వరుసగా రాయించండి. మధ్యలో శ్రీకాకుళం వైపు బంధువుల ఇంట ఉండి చదివి వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్ళను వేరుగా పెట్టాలి. తెలుగు చదవగలదా, రాయగలదా అన్నది వేరే ప్రశ్న. ఇంట్లో గలగలా మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని పిల్లలు ఈ జిల్లాల్లో మామూలే. అలాంటి పిల్ల ఒడియా రాతలో తెలుగు లిపి అలవాటు వెతకడం అర్థం లేని పని. గుణుపురం, గజపతి వైపు అక్కడి గిరిజన భాష సవర గురించి కూడా అడగాలి.

సవర అన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పిల్లలకు చదువు చెబుతూ సవర మాటలను మాట్లాడేవాళ్ళ నోటి నుంచే పోగు చేశారు. సవర భాష మీద ఆయన రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. ఇలా ఉండాలి అన్నదాన్ని పక్కన పెట్టి ఇలా ఉంది అన్నదాన్ని రాసుకోవడమే ఆ పద్ధతి. టైపు చేసేటప్పుడు పిల్లల తప్పులను దిద్దకుండా ఉంచడానికి కావలసిన ఓర్పు అదే.

18 ఏళ్ళు నిండని పిల్లల రాతలు కాబట్టి తల్లిదండ్రుల సంతకం తప్పనిసరిగా తీసుకోండి. సమ్మతి పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. పేర్లు తీసేసి సంఖ్యలు ఇవ్వండి. వ్యాసం లోపల పిల్లలు రాసిన అన్న పేరు, ఊరి పేరు కూడా మరుగుపరచాలి. ఈ రెండోది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఎవరితో పోల్చాలి

ఇక్కడ మూడు దారులున్నాయి: ఒడియా పత్రికల భాష, పాఠ్యపుస్తకం, అదే తరగతిలోని ఒడియా ఇళ్ళ పిల్లలు. పత్రికతో పోలిక వద్దు. పెద్దలు రాసి, ఎడిటర్ దిద్దిన భాష పక్కన పన్నెండేళ్ళ పిల్లల రాత పెడితే తేలేది వయసు.

పక్క బెంచీ పిల్లలతో పోల్చండి. కారణం ఒక ఉదాహరణతో తేలిపోతుంది. తెలుగు పిల్లల ఒడియా రాతల్లో హ్రస్వ దీర్ఘాల తప్పులు కుప్పలుగా కనిపిస్తాయి, ఇ చోట ఈ, ఊ చోట ఉ. శ, ష, స తారుమారు. చూడగానే ‘తెలుగు ప్రభావం’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ ఒడియాలో ఇ, ఈ తేడా రాతలో ఉన్నంతగా పలుకులో లేదు, ఉ, ఊ కూడా అంతే. శ, ష, స మూడూ మాటలో స గానే వినిపిస్తాయి. జ అని పలికే అక్షరాలు రెండున్నాయి. కాబట్టి ఒడియా ఇళ్ళ పిల్లలూ అవే తప్పులు చేస్తారు. పక్కన ఆ గుంపు లేకపోతే ఒడియా వర్ణక్రమంలో ఉన్న కష్టాన్ని తెలుగు నెత్తిన రుద్దినవాళ్ళమవుతాం. పరిశోధనలో ఇది చిన్న తప్పు. ఆ నివేదిక చదివి ఇంట్లో తెలుగు మానిపించండని తల్లిదండ్రులకు చెప్పే బడి ఉంటే అది చాలా పెద్ద తప్పు. ఆ నష్టం పిల్లలదే.

తెలుగు పిల్లలు 120 మంది అయితే ఒడియా పిల్లలు కూడా 120 మంది ఉంటే మేలు, 60కి తగ్గకూడదు. వీలైతే సవర ఇళ్ళ పిల్లల గుంపు ఒకటి చేర్చండి. బ్యబసాయ తప్పు తెలుగు గుంపులోనే ఉండి తక్కిన రెండిటిలో లేకపోతే, అప్పుడు ఇంటి భాష ప్రభావమని ధైర్యంగా రాయవచ్చు.

పాఠ్యపుస్తకాన్ని పూర్తిగా వదలకండి. ఆ మాట పిల్లలకు పాఠంలో ఎప్పుడైనా, ఏ అర్థంలో ఎదురైందో చూడడానికి అది కావాలి. చాష అన్న మాటే పాఠాల్లో ఒకటి రెండు సార్లు వచ్చి ఉంటే తప్పు పిల్లది కాదు.

ఏ సాఫ్ట్‌వేర్

వసేదా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఆంథనీ తయారుచేసిన ఆంట్‌కాంక్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. మాట చుట్టూ వాక్యాలు చూడడానికి, జాబితాలకు, ఎన్-గ్రామ్‌లకు సరిపోతుంది. లాంకాస్టర్ వాళ్ళ లాంక్స్‌బాక్స్ కూడా ఉచితమే, పదాల పొందికను బొమ్మగా చూపడంలో బాగుంటుంది. స్కెచ్ ఇంజిన్ డబ్బు కట్టి వాడేది, నెల రోజులు ఉచితంగా చూడనిస్తారు. ఇంగ్లీషు పదబంధాల మీద పని అయితే దాని విలువ దానికుంది. ఒడియా రాతలకు ఆంట్‌కాంక్, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

మన లిపులతో వచ్చే చిక్కులు మాత్రం ముందే తెలియాలి. మాట అంటే ఏమిటో నిర్ణయించే సెట్టింగులో లెటర్ తరగతి ఒక్కటే ఉంటే గుణింతపు గుర్తుల దగ్గర మాట ముక్కలవుతుంది. జాబితా తెరవగానే పైన ఒంటి హల్లులు వేల సంఖ్యలో కనిపిస్తే జరిగింది ఇదే. మార్క్ (గుణింతపు గుర్తుల) తరగతిని కూడా చేర్చి కార్పస్‌ను మళ్ళీ ఎక్కించండి. రెండోది కంటికి కనిపించని జాయినర్ గుర్తులు. తెలుగులోనే చూడండి: ‘ఆఫీస్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు నిలవడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. సాఫ్ట్‌వేర్ దాన్ని అక్షరంగా లెక్కించక మాటను రెండుగా చీలుస్తుంది. ఒడియాలో చుక్క ఉన్న డ ఒకరు ఒకే సంకేతంగా, ఇంకొకరు డ, చుక్క అని రెండు సంకేతాలుగా టైపు చేస్తారు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, జాబితాలో మాత్రం వేర్వేరు మాటలవుతాయి. ఫైళ్ళన్నిటినీ యూటీఎఫ్-8లో భద్రపరచి, ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే రకం సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతి) మార్చాకే లెక్కలు మొదలుపెట్టండి. డీటీపీ సెంటర్‌లో పాత అక్షరరూపాలతో, అంటే ఆకృతి లాంటి ఫాంట్లతో, టైపు చేయించకండి. ముందే చెప్పి యూనికోడ్‌లో చేయించండి.

ఒక్కో వ్యాసం ఒక్కో ఫైలుగా ఉండాలి. అన్నీ ఒకే ఫైలులో అతికిస్తే ఒక మాటను ఎంతమంది వాడారో తెలియదు. అది ఎందుకు ముఖ్యమో చూడండి. ఒక మాట తెలుగు గుంపులో 30 సార్లు, ఒడియా గుంపులో 12 సార్లు వచ్చిందనుకోండి, రెండు గుంపులూ 24,000 మాటలవే. ఆ తేడా యాదృచ్ఛికమో కాదో చూసే లాగ్-లైక్లీహుడ్ కొలత 7.97 వస్తుంది. 3.84 దాటితే 5 శాతం స్థాయిలో, 6.63 దాటితే 1 శాతం స్థాయిలో తేడా ఉన్నట్టు. చూడ్డానికి బలమైన ఫలితమే. కానీ ఆ 30లో 18 ఒకే అమ్మాయి రాసినవైతే? అందుకే ప్రతి సంఖ్య పక్కనా ‘ఎంతమంది పిల్లలు’ అనే గడి ఉండి తీరాలి.

పదసంపదకు ఏ కొలత

వేర్వేరు మాటల సంఖ్యను మొత్తం మాటలతో భాగించడం అందరికీ తెలిసిన పద్ధతి. దాన్ని వాడకండి. 100 మాటల వ్యాసంలో 60 వేర్వేరు మాటలుంటే 0.60 వస్తుంది. 400 మాటలు రాసి 160 వేర్వేరు మాటలు వాడిన పిల్లకు 0.40. ఎక్కువ రాసినందుకు శిక్ష పడినట్టు. రాత పెరిగేకొద్దీ పాత మాటలు తిరిగి రాక తప్పదు. గిరాడ్ సూచిక మొత్తం మాటల వర్గమూలంతో భాగిస్తుంది: మొదటివాడికి 60ని 10తో భాగిస్తే 6, రెండో పిల్లకు 160ని 20తో భాగిస్తే 8. వరుస తిరగబడింది. నిడివి ప్రభావం గిరాడ్‌లోనూ పూర్తిగా పోదు. 2010లో మెకార్తీ, జార్విస్ వివరించిన ఎంటీఎల్‌డీ నయం. ఆ నిష్పత్తి 0.72కి పడిపోవడానికి సగటున ఎన్ని మాటలు పడుతున్నాయో అది లెక్కిస్తుంది. వంద మాటల లోపు రాతలకు అదీ నిలకడగా ఉండదు. 200 మాటలు రాయించమనడానికి ఇదొక కారణం.

ఇంగ్లీషుకు మరో మార్గముంది. 1995లో లాఫర్, నేషన్ ప్రతిపాదించిన పద్ధతి ఇది: మొదటి వెయ్యి, రెండో వెయ్యి, అకడమిక్ మాటలు, మిగతావి అని రాతను పొరలుగా విడదీసి ఏ పొర ఎంత శాతమో చూస్తారు. దానికి వాడే పాత జాబితా 1953లో మైఖేల్ వెస్ట్ తెచ్చినది. ఆయన ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువు గురించి ఆలోచించిన మనిషి. అకడమిక్ మాటల జాబితా 2000లో కాక్స్‌హెడ్ ఇచ్చినది, 570 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒకటి). బడి పిల్లల రాతల్లో అకడమిక్ పొర దాదాపు ఖాళీగా ఉంటుంది. కాలేజీ స్థాయికే దాన్ని ఉంచుకోండి.

ఒడియాకు ఏ కొలత వాడినా ముందు ఒక పని ఉంది. ఘర, ఘరకు, ఘరరే, ఘరరు అనేవి ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి. సాఫ్ట్‌వేర్‌కు ఇవి నాలుగు మాటలు. విభక్తులు బాగా వాడిన పిల్లకు పదసంపద ఎక్కువ ఉన్నట్టు వస్తుంది, నిజానికి ఆమె చూపింది వ్యాకరణం. జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి ప్రతి రూపం పక్కనా మూలరూపం చేత్తో రాయండి. కొన్ని వేల వరుసలు ఉంటాయి, రెండు మూడు వారాల పని. దీన్ని తప్పించుకుని వచ్చిన ఫలితాన్ని నమ్మలేం.

అన్నీ ట్యాగ్ చేయాలా

ప్రతి తప్పుకూ గుర్తు పెట్టడం గొప్ప పనే, కానీ ఒక్కరు ఎం.ఎడ్. కాలంలో పూర్తిచేయలేరు. ఒకటి రెండు విషయాలు ఎంచుకుని వాటికే ట్యాగ్ చేయండి. అర్థం మారిన తత్సమాలు ఎంచుకుంటే 20, 30 మాటల జాబితా వేసుకుని, ఆ మాటలు వచ్చిన ప్రతి వాక్యాన్నీ తీసి మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఒడియా అర్థం, తెలుగు అర్థం, తేల్చలేం. మూడోది ఉండాల్సిందే. “మో బాపా బ్యబసాయ కరంతి” అన్నది ఒంటరిగా చూస్తే తేలదు, తర్వాతి వాక్యంలో ఎద్దులో నాగలో వస్తేనే తేలుతుంది. అందుకే వాక్యానికి ముందు, వెనుక రెండేసి వాక్యాలు కూడా తీసుకోవాలి. తండ్రి వృత్తి చీటీలో ఉంటే ఇంకా మంచిది.

వాటిలో పదో వంతును ఒడియా మాతృభాషగా ఉన్న టీచర్ ఒకరు మీ గుర్తులు చూడకుండా విడిగా చేయాలి. ఇద్దరి గుర్తులు ఎంతవరకు కలిశాయో చెప్పే కాపా కొలత 0.8 దాటితే ముందుకు వెళ్ళండి. దాటకపోతే నియమాలు మళ్ళీ రాసి, వేరే పదో వంతుతో మళ్ళీ చూడండి. మొదటిసారి దాటకపోవడం మామూలే. ఎక్కువగా తగవు వచ్చేది ఆలోచనా దగ్గర, ఎందుకంటే పిల్లలు కలిసి ఆలోచించామని రాసినచోట చర్చ అన్న అర్థమూ సరిపోతుంది.

టీచర్‌గా మీ ఒక్క తరగతి కోసమే చేస్తున్నట్టయితే 40 వ్యాసాలు, పది మాటలు, కొలతలేవీ లేకుండా వాక్యాల జాబితా ఒక్కటే చాలు. దాన్ని ప్రింటు తీసి పిల్లల ముందే పరచండి. బ్యబసాయ ఉన్న వాక్యాలు ఒక పక్క, చాష ఉన్నవి ఇంకో పక్క. ఏది ఎవరి నాన్న పనో వాళ్ళే చెబుతారు.